ఎయిర్‌గన్ మీద తక్కువ రేటు స్కోప్ పెట్టేను, పెల్లెట్ ఒక చోట నిలబడట్లేదు, కొంచెం చెప్పండి

సోంపేట కుర్రోడు:
అన్నలూ నమస్తే. మాది సోంపేట దగ్గర, ఇంటెనకాల జీడితోట ఉంది, తోట చివర మట్టిగట్టుకి డబ్బాలూ పేపర్ టార్గెట్లూ పెట్టుకుని ఎయిర్‌గన్ కొడతాను, వేట గీట ఏం లేదు. గన్ను .177 (4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ది) బ్రేక్ బ్యారెల్, అంటే గొట్టాన్ని కిందకి విరిచి ఎక్కించీది, స్ప్రింగ్‌ది, లైసెన్స్ అక్కర్లేని రకం. ఇన్నాళ్ళూ ఓపెన్ సైట్‌తోనే (గన్ను మీదుండే మామూలు గురి గుర్తులతో) కొట్టీవోడిని, 20 మీటర్లలో పెల్లెట్లన్నీ పది రూపాయల బిళ్ళంత చోట పడీవి.

ఈ మధ్య ఆన్‌లైన్‌లో 3-9×40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపించీది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) ఒకటి మూడు వేల లోపే కనబడితే తెప్పించేను, దాంతో పాటు గన్నుకి బిగించీ రెండు రింగులు కూడా వచ్చేయి. గ్లాసు మాత్రం సూపర్, చెరువు అవతల కొబ్బరి చెట్టు మీద గెలలు లెక్కెట్టచ్చు. కానీ పెట్టిన దగ్గర్నుంచీ దెబ్బ కిందకే పడుతోంది, పైన టర్రెట్ (గురి సరిచేసే మర) అప్ వైపు తిప్పుకుంటూ పోతే దాదాపు ఆఖరికి వచ్చీసింది, సరే ఎలాగో సెంటర్‌కి తెచ్చేను అనుకుంటే కాసేపు బాగానే పడి మళ్ళీ ఎడమకో పైకో జరిగిపోతోంది. 9 పవర్‌లో పెడితే టార్గెట్ మసక మసకగా ఉంటోంది. రివ్యూల్లో చూస్తే అందరూ ఐదు స్టార్లు, వంద గజాల్లో జింకని కొట్టిన వీడియోలు కూడా ఉన్నాయి. పీస్ డిఫెక్టా, లేపోతే నా గన్నుదా? రిటర్న్ టైమ్ ఇంకా ఉంది, బేగి చెప్పండి.

రాజాం రాకెట్:
రిటర్న్ కొట్టీ బ్రో, ఆలోచించకు. మూడు వేలకి స్కోప్ ఏటి, బొమ్మ. పదిహేను వేలు పెడితేగాని స్కోప్ అనరు.

కోట జంక్షన్ బాబాయ్:
రాకెట్ బాబూ, పదిహేను వేలది తెచ్చి ఇలాగే బిగిస్తే అదీ ఇలాగే తిరుగుద్ది. సోంపేట తమ్ముడూ నువ్వు ముందు ఆ వీడియోలు చూడ్డం ఆపు. అవి అమెరికా వాళ్ళ వేట రైఫిళ్ళు, తూటా పేలితే రైఫిల్ ఒకే వైపు, వెనక్కి తంతాది. మన స్ప్రింగ్ గన్ను అలాక్కాదు, లోపల బరువైన పిస్టన్ ముందుకి దూకుతున్నప్పుడు గన్ను వెనక్కి వస్తాది, అది వెళ్ళి చివర ఆగిపోగానే గన్ను ముందుకి గుంజుతాది. ఆ ముందుకి గుంజే దెబ్బకి తట్టుకునేలా చాలా రైఫిల్ స్కోపుల్ని చెయ్యరు, ఖరీదైనవి కూడా లోపల వదులైపోతాయి. అందుకని రివ్యూలో 'స్ప్రింగ్ గన్ను మీద పెట్టి కొట్టేను' అన్నోడి మాటే మనకి లెక్క, మిగతా స్టార్లన్నీ దండగ.

ఇప్పుడు నీ గొడవ. గన్ను అలా ముందుకి గుంజినప్పుడల్లా స్కోపు రింగులతో సహా రైలు (గన్ను మీద రింగులు బిగించే పట్టా) మీద వెనక్కి జారుతూ ఉంటాది, కంటికి తెలీదు. రింగు పక్కన రైలు మీద పెన్సిల్‌తో గీత పెట్టు, ట్యూబు మీద రింగు అంచున చిన్న టేపు ముక్క అంటించు, కాసేపు కొట్టి చూడు. గీత దాటితే రింగులు జారుతున్నాయని, టేపు దగ్గర సందొస్తే రింగుల్లో ట్యూబు జారుతోందని. జారితే రెండు రింగులు తీసీసి వన్‌పీస్ మౌంట్ (రెండు రింగులూ ఒకే ముక్కలో ఉండీది) వేసుకో, కింద స్టాపర్ పిన్ను ఉన్నది. నీ గన్ను రైలు వెనకాల చిన్న గుంట ఉంటే ఆ పిన్ను అందులో దిగాలి. పై స్క్రూలు ఒక్కోటీ ఒకేసారి బిగించకు, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు, బలం చూపిస్తే ట్యూబు నొక్కుకుపోద్ది.

అసలు నాకు అనుమానం టర్రెట్ మీద. అప్ ఆఖరికి వచ్చీసిందన్నావు కదా, అక్కడుంది తిరకాసు. బ్రేక్ బ్యారెల్ గన్నుల్లో బ్యారెల్ మూతి కొంచెం కిందకి వాలి ఉండడం మామూలే. దాన్ని సరిచెయ్యడానికి నువ్వు పైకి తిప్పుకుంటూ పోతే లోపల గొట్టాన్ని నొక్కి పట్టుకునే స్ప్రింగు వదులైపోద్ది, ఇంక క్రాస్‌హెయిర్ (స్కోపులో కనబడే ప్లస్ గుర్తు) ప్రతి దెబ్బకీ ఒక్కోచోట కూర్చుంటాది. కాసేపు బాగుండి జరిగిపోవడం అదే. టర్రెట్‌ని మధ్యకి తెచ్చీసి, వెనక రింగులో ట్యూబు కింద పల్చటి ముక్క పెట్టు, పాత ఎక్స్‌రే ఫిల్మ్ చాలు. రింగుల మధ్య 10 సెంటీమీటర్లు దూరం ఉంటే 0.2 మిల్లీమీటర్ల ముక్క 20 మీటర్లలో దెబ్బని 4 సెంటీమీటర్లు పైకి లేపుతాది. ఇంకా చాలకపోతే ముక్కల మీద ముక్కలు పెట్టకు, వెనక ఎత్తుగా ఉండే మౌంట్లు దొరుకుతాయి.

మసక సంగతి డిఫెక్ట్ కాదు. ముందు అద్దం దగ్గర దూరం తిప్పుకునే రింగు లేని స్కోపులు చాలామట్టుకు 100 గజాలకి సెట్ చేసీసి వస్తాయి. 20 మీటర్లలో అవి మసకగా ఉండడమే కాదు, కన్ను మధ్యలోంచి పక్కకి జరిగితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరిగినట్టుంటాది, 40 మిల్లీమీటర్ల అద్దానికి ఆఖరి అంచు నుంచి చూస్తే ఒకటిన్నర సెంటీమీటరు వరకూ తేడా రావచ్చు. పవర్ 4 దగ్గర పెట్టు, బుగ్గ స్టాకు మీద ప్రతీసారీ ఒకేచోట ఆనించు. ముందు అద్దం విప్పి తిప్పీస్తే సరిపోద్దని ఎవడో ఒకడు చెప్తాడు, నిజమే, కానీ లోపలున్న నైట్రోజన్ పోద్ది, నీది సముద్రం గాలి తగిలే ఊరు, నాలుగు రోజులకి లోపల ఆవిరి పట్టీసుద్ది. రిటర్న్‌కీ పనికిరాదు.

పాలకొండ శీను:
బాబాయ్ బాగా చెప్పేరు. నాదో డౌటు, మా చేలో అడివి పందులు పడి మొక్కజొన్న మొత్తం నాశనం చేస్తున్నాయి, ఇలాంటి స్కోపు పెడితే ఎయిర్‌గన్‌తో వాటి పని పట్టొచ్చా?

కోట జంక్షన్ బాబాయ్:
వద్దు శీనూ. 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం లైసెన్స్ లేకుండా మన దగ్గరుండేవి .177 దాటకూడదు, శక్తి 20 జూల్స్ దాటకూడదు, దాంతో పందికి చర్మం కూడా సరిగ్గా దిగదు, గాయపడ్డ పంది ఎవడి మీదకొస్తాదో తెలీదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అటవీశాఖ రాతపూర్వకంగా అనుమతి ఇస్తేగాని ముట్టుకోకూడదు. పంట పోతే ఫోటోలు తీసి వాళ్ళ దగ్గర అర్జీ పెట్టు. శ్రీకాకుళం జిల్లాలోనే తేలినీలాపురం, తేలుకుంచి జనం ఊళ్ళోకొచ్చిన కొంగల్ని చుట్టాల్లా చూసుకుంటారు, మనం ఇక్కడ తుపాకీ ఊసెత్తితే బాగోదు.

ఆమదాలవలస మేష్టారు:
బాబాయ్‌తో ఒక్క విషయంలో ఒప్పుకోను. ఆ కుర్రోడు ఓపెన్ సైట్‌తోనే బిళ్ళంత గ్రూపు (పెల్లెట్లు పడ్డ గుంపు) వేసేడు కదా, వాడికి స్కోపు దేనికి? 10 మీటర్ల పోటీలో స్కోపు పెట్టనివ్వరు, అభినవ్ బింద్రా 2008లో బంగారం కొట్టిందీ, గగన్ నారంగ్ 2012లో కాంస్యం తెచ్చిందీ చిన్న కన్నంలోంచి చూసే పీప్ సైట్‌తోనే. ఆ టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ముందుముందు పోటీలకి వెళ్ళే ఆలోచనుంటే ఇప్పట్నుంచే అది అలవాటు చేసుకోవాలి.

కోట జంక్షన్ బాబాయ్:
మేష్టారూ కరక్టే, పోటీలకైతే. వీడు తోటలో డబ్బాలు కొట్టుకుంటానంటున్నాడు, సరదా వాడిది.

సోంపేట కుర్రోడు:
బాబాయ్ దండం. అప్‌డేట్ చెప్తాను. గీత పెట్టి చూస్తే రింగులు నిజంగానే వెనక్కి జారీసేయి! విశాఖపట్నంలో మావోడు ఉంటే వాడి చేత వన్‌పీస్ మౌంట్ తెప్పించేను, పిన్ను గుంటలో కరక్టుగా కూర్చుంది. అమ్మమ్మ మోకాలి ఎక్స్‌రే లోంచి ముక్క కత్తిరించి పెట్టేను (తిట్లు తిన్నాను), టర్రెట్ మధ్యలో ఉంచితే ఇంచుమించు సెంటర్‌కే పడుతోంది. పొద్దున్న గాలి లేనప్పుడు అయితే పది రూపాయల బిళ్ళ కంటే చిన్న గ్రూపు వస్తోంది, కానీ పది దాటేక సముద్రం గాలి మొదలైతే మళ్ళీ పక్కకి పోతున్నాయి. ఇంకోటి, గట్టు మీద ఆనించి కొడితే పైకి పడుతున్నాయి, చేత్తో పట్టుకుంటే సరిగ్గా పడుతున్నాయి, ఎందుకంటారు?

కోట జంక్షన్ బాబాయ్:
గాలికి మందు లేదు, పెల్లెట్ అరగ్రాముంటాది. రెండోది మాత్రం స్ప్రింగ్ గన్ను గుణం, పెల్లెట్ బ్యారెల్ దాటీలోపే గన్ను కదులుతాది, గట్టిదాని మీద పెడితే ఎగిరిపడతాది. గట్టు మీద నీ అరచెయ్యి పెట్టు, చేతి మీద గన్ను పెట్టు, పిడికిలి బిగించకు, దానిష్టానికి కదలనీ. తర్వాత టర్రెట్ టెస్ట్ ఒకటి చెయ్యి, రిటర్న్ టైమ్ దాటకముందే. క్లిక్ పావు ఎంఓఏ (కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) అని రాసుంటే 20 మీటర్లలో ఒక్కో క్లిక్కూ మిల్లీమీటరున్నర జరగాలి. ఒకే చుక్కకి గురిపెడుతూ ముందు ఒక గ్రూపు వెయ్యి, 20 క్లిక్కులు కుడికి తిప్పి ఇంకోటి, 20 పైకి తిప్పి ఇంకోటి, 20 ఎడమకి తిప్పి ఇంకోటి, 20 కిందకి తిప్పి ఆఖరిది. ఆఖరి గ్రూపు మొదటి దాని మీదే పడి, పక్కలు మూడేసి సెంటీమీటర్లు వచ్చేయంటే ఉంచీసుకో. రాలేదంటే రాకెట్ మాటే ఖాయం, పంపీ.

రాజాం రాకెట్:
😎 చెప్పేనా లేదా. అది సరే గానీ ఆ వన్‌పీస్ మౌంట్ ఎంతయ్యింది బ్రో, నాక్కూడా ఒకటి కావాలి

సోంపేట కుర్రోడు:
తొమ్మిది వందలు అన్నా. నీ గన్ను రైలు వెడల్పు కొలుచుకుని చెప్పు, నాది 11 మిల్లీమీటర్లు, ఆ సైజే చూసి తీసుకోవాలి, పెద్ద రైలుది తెస్తే పట్టదు.