మోహతమీం కొత్వాలీ అంటే ఏ హోదా?

పాలమూరు వాసి:
మా తాతగారి పెట్టెలో దొరికిన ఒక ఉర్దూ కాగితాన్ని తెలిసినవారి చేత చదివించగా, అడుగున సగం చెరిగిన ముద్రలో ‘మోహతమీం కొత్వాలీ, జిల్లా మహబూబ్‌నగర్’ అని ఉన్నట్లు తేలింది. కొత్వాల్ హైదరాబాదు నగరానికే ఉండేవారని విన్నాను. మరి ఈ మోహతమీం ఎవరు? చిన్న ఉద్యోగంలో చేరిన స్థానికుడు ఆ స్థాయికి చేరగలిగేవాడా?

పాత దస్తావేజులు:
కొత్వాల్ అన్నది నగర పోలీసు అధిపతి హోదా. కొత్వాలీ అన్నది పోలీసు శాఖకే పేరు. నిజాం దగ్గర దివానుగా (ప్రధానమంత్రిగా) ఉన్న మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ జరిపి పాలనను జిల్లాల వారీగా స్థిరపరచిన తరువాత, జిల్లా పోలీసుకు పెద్దగా ఉండిన అధికారే మోహతమీం, అంటే నేటి ఎస్పీ. ఠాణాను చూసేవాడు అమీన్. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో వచ్చింది కాబట్టి మీ కాగితం ఆ తరువాతిదే. ఆ ముద్రను నీళ్ళతో తుడవకండి, పాత సిరా ఇట్టే కరిగిపోతుంది.

వనపర్తి పాఠకురాలు:
మీ రెండవ ప్రశ్నకు మన జిల్లా మనిషే జవాబు. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో 1869లో పుట్టిన వెంకటరామారెడ్డిగారు యుక్తవయసులోనే రాయచూరు వైపు ముద్గల్‌లో అమీన్‌గా చేరి, జిల్లాల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1920లో హైదరాబాదు కొత్వాల్ అయ్యి, 1934 వరకు ఆ పదవిలో కొనసాగారు. నిజాం రాజ్యంలో ఒక హిందువుకు, అదీ ఊరి నుంచి వచ్చినవారికి, ఆ పదవి దక్కడం సామాన్యమైన విషయం కాదు. ఆయన హయాంలోనే, 1922లో, వేల్స్ యువరాజు హైదరాబాదుకు వచ్చారు. అయినా నన్ను ఎక్కువగా కదిలించేది 1918లో పల్లెల పిల్లల చదువు కోసం ఆయన పూనికతో వెలసిన రెడ్డి హాస్టల్. నేటి పోలీసు అకాడమీకి ఉన్నది ఆయన పేరే.

నల్లగొండ రైతుబిడ్డ:
మా నాయనమ్మ చివరి వరకు ఎస్సైని ‘అమీన్ సాబ్’ అనే పిలిచేది. జీపు చప్పుడు వినబడితే చాలు, చేతిలోని చాట పక్కన పెట్టి, కొంగు సర్దుకొని లేచి నిలబడేది. 1948లో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసి ఎన్నో ఏళ్ళు గడిచినా ఆ మాట, ఆ లేవడం రెండూ ఆమెను వదలలేదు.

పాలమూరు వాసి:
అందరికీ కృతజ్ఞతలు. కాగితాన్ని తుడవలేదు, గుడ్డలో చుట్టి భద్రపరిచాను. పై వరుసలో ‘అమీన్’ అన్న మాట కూడా ఉన్నదట, మిగిలిన భాగాన్ని ఈ ఆదివారం చదివిస్తాను.