40 ఏళ్ళ తరువాత బాపట్లలో కలవాలంటే: తేదీ, వేదిక, జవాబు రాని మిత్రులు

ప్రశ్న (1982–86 బ్యాచ్, గుంటూరు)

బాపట్ల వ్యవసాయ కళాశాలలో 1982లో చేరి, 1986లో పట్టా పుచ్చుకుని బయటికి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. కళాశాల విడిచి 40 ఏళ్ళు నిండిన సందర్భంగా అందరం ఒకచోట కలవాలన్న మాట మన వాట్సాప్ బృందంలో చాలా కాలంగా నలుగుతున్నది. అక్కడ ఒక్క పూట చూడకపోతే వచ్చిన సందేశం ఎక్కడో కిందికి పోతుంది కాబట్టి, తీరికగా చదివి నిదానంగా అభిప్రాయం చెప్పడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి. వ్యవసాయ శాఖలో చేరి, కృష్ణా డెల్టాలోనూ పల్నాడులోనూ పనిచేసి, ఈ ఏడాదే పదవీ విరమణ చేశాను. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నది. మేమిద్దరం గుంటూరులోనే ఉంటున్నాం. తెనాలి దగ్గర నాన్నగారు ఇచ్చిన పొలంలో ఈసారి నేనే స్వయంగా బీపీటీ వరి నాటించాను. మనం పట్టా అందుకున్న 1986లోనే బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, విడుదలైంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ ఊరు వెళ్ళినా ఆ రకం మీద రైతులు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెబుతూనే వచ్చాను. దాన్ని నా చేతుల మీదుగా పండించడం మాత్రం ఇదే మొదలు.

ఇప్పుడు తేల్చుకోవలసినవి ఇవి. విజయవాడలో హోటలు తీసుకుంటే సౌకర్యంగా ఉంటుందని కొందరు, సూర్యలంక తీరంలో రెండు రోజులు ఉందామని మరికొందరు అంటున్నారు. కళాశాలలోనే జరపాలని నా కోరిక. డిసెంబరా, సంక్రాంతి తరువాతా అన్నది రెండవ విషయం. అన్నిటికన్నా నన్ను కలవరపెడుతున్నది మూడవది. మన బ్యాచ్‌లో కొందరి ఆచూకీ ఇప్పటికీ దొరకలేదు. ఆచూకీ దొరికినవారిలోనూ కొందరు ఫోను ఎత్తి ఆప్యాయంగా మాట్లాడతారు గాని, వస్తారా అని అడిగితే మాట దాటేస్తారు. వారిని రప్పించడానికి ఏమి చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

జవాబు 1 (అదే బ్యాచ్, ఖమ్మం)

వేదిక గురించి నాకు రెండవ ఆలోచన లేదు. బాపట్లలోనే, అదీ కళాశాల ఆవరణలోనే జరగాలి. మన పట్టా మీద ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అని ఉంటుంది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రాష్ట్ర విభజన తరువాత రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ పేరిట మరో విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేను ఉద్యోగరీత్యా తెలంగాణ వాణ్ణయ్యాను, నా గదిలో ఉన్న మిత్రుడు ఆంధ్రాలో ఉండిపోయాడు. ఇన్ని మార్పుల మధ్య 1945 నుంచి కదలకుండా ఉన్నది ఆ కళాశాల ఒక్కటే. మూడు ప్రాంతాల నుంచి వచ్చిన మనం ఒక్క బ్యాచ్ అయింది అక్కడే. హోటలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

తేదీ విషయంలో డిసెంబరు మొదటి వారాలు వద్దని నా సలహా. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటిన సంగతి మీకు తెలుసు. పైగా అది డెల్టాలో వరి కోతల కాలం. సొంతంగా సేద్యం చేసుకునే మన మిత్రులు పంట కళ్ళంలో పెట్టి, మబ్బు పట్టిన ఆకాశాన్ని చూస్తూ సభకు రమ్మంటే ఎలా వస్తారు? జనవరి చివరి వారమైతే కోతలు, పండుగ రెండూ అయిపోతాయి. విదేశాల్లో ఉన్నవారి కోసం డిసెంబరు సెలవులే చూడాలన్న నియమం పిల్లలు బడికి వెళ్ళే రోజుల్లోది. ఇప్పుడు మన పిల్లలకే పిల్లలున్నారు.

ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. రైళ్ళలో ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజులే అయింది. అందువల్ల తేదీ ముందే ప్రకటించి, టికెట్లు తెరుచుకునే రోజును అందరికీ ఇంకోసారి గుర్తుచేయాలి. మద్రాసు వైపు నుంచి వచ్చేవారికైనా, విజయవాడ వైపు నుంచి వచ్చేవారికైనా బాపట్ల ప్రధాన రైలు మార్గం మీదే ఉంది కాబట్టి ప్రయాణానికి ఇబ్బంది లేదు.

నేను నిరుడు పదవీ విరమణ చేశాను. మోకాళ్ళ నొప్పులు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. వసతి మేడ మీద కాకుండా కింది అంతస్తులో చూడమని మాత్రం కోరతాను. ఈ కోరిక నా ఒక్కడిదే కాదని నమ్ముతున్నాను.

జవాబు 2 (అదే బ్యాచ్, హైదరాబాద్)

మీ మూడవ ప్రశ్నకు నేను జవాబు రాయాలనుకుంటున్నాను. మన తరగతిలో అమ్మాయిలం చాలా కొద్దిమందిమి. అందులోనూ కొందరు పెళ్ళి తరువాత ఉద్యోగం చేయలేదు. వారిలో ఒక స్నేహితురాలితో నేను ఇప్పటికీ తరచు మాట్లాడుతుంటాను. వెనుకటిసారి చిన్న స్థాయిలో కలిసినప్పుడు ఆమె ఎందుకు రాలేదని అడిగాను. ‘‘వేదిక ఎక్కి పేరు, హోదా చెప్పాలి కదా, నేనేమి చెప్పను?’’ అన్నది. తరగతిలో మనందరికన్నా చక్కగా చదివిన మనిషి ఆ మాట అనడం నాకు చాలా బాధ కలిగించింది.

సభల్లో మనం తెలియకుండానే చేసే పని అది. సంయుక్త సంచాలకులు ముందు, ఆచార్యులు ముందు, బ్యాంకు జనరల్ మేనేజర్లు ముందు, మిగిలినవారు తరువాత. శాలువాలు కూడా ఆ వరుసలోనే. ఈసారి పరిచయాలు హోదాలతో కాకుండా, హాస్టల్ గది నంబరు ప్రకారమో హాజరు పట్టికలోని వరుస ప్రకారమో జరగాలని గట్టిగా కోరుతున్నాను. సన్మానాలు బతికి ఉన్న మన గురువులకు మాత్రమే చేద్దాం.

జవాబు దాటేస్తున్నవారిలో సేద్యం చేసుకుంటున్న మన మిత్రుడొకరు ఉన్నారని నాకు తెలుసు. పేరు రాయను, మీకు తెలుస్తుంది. మొదటి సంవత్సరంలో కలుపు మొక్కల హెర్బేరియం, అంటే ఎండబెట్టి అతికించిన మొక్కల సేకరణ, చేయవలసి వచ్చినప్పుడు, పట్నంలో పెరిగిన నాకు ఊద అనే కలుపు మొక్కకూ వరికీ తేడా తెలిసేది కాదు. ఆయన మడిలోకి దిగి రెండు మొక్కలు పీకి తెచ్చి, ఆకు వెనక్కి వంచి చూపించారు. ఆకు, కాండానికి చుట్టుకున్న తొడుగు కలిసే చోట వరికి సన్నని తెల్లటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. పాఠంలో చదివినా ఎక్కని విషయం ఆ ఒక్క నిమిషంలో ఎక్కింది. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన కాలమంతా నా విద్యార్థులకు నేను అలాగే చూపించాను. ఆయనకు ప్రభుత్వ ఉద్యోగం రాలేదు. అప్పులతో కొన్నేళ్ళు చాలా ఇబ్బంది పడ్డారని విన్నాను. అలాంటి మనిషికి వాట్సాప్‌లో ఆహ్వాన పత్రిక పంపితే సరిపోదు. మనలో ఇద్దరు ముగ్గురు ఆయన ఊరు వెళ్ళి, ఇంట్లో కూర్చుని, భోజనం చేసి పిలవాలి. నేను వస్తాను.

మరణించిన మిత్రుల కుటుంబాలను కూడా పిలవాలి. అయితే సంతాప సభ పెట్టి ఆ ఇల్లాళ్ళను వేదిక మీద ఏడిపించవద్దు. వారిని మన మధ్యనే కూర్చోబెట్టి, ఆ మిత్రుడి గురించి మనకు తెలిసిన కబుర్లు, ముఖ్యంగా పిల్లలకు తెలియని కాలేజీ కబుర్లు, వారికి చెబుదాం.

జవాబు 3 (అదే బ్యాచ్, కాలిఫోర్నియా)

జనవరి చివరి వారం నాకు అన్ని విధాలా అనుకూలం. డిసెంబరులో విమాన ఛార్జీలు ఎక్కువగా ఉంటాయి కూడా. ఇక్కడ విత్తన పరిశోధనలో పనిచేసి రెండేళ్ళ కిందట విరమించాను. నా భార్య కూడా బాపట్ల చూడాలంటున్నది, ఇన్నేళ్ళుగా వింటున్న ఊరు కదా. ఖర్చులో ఎక్కువ భాగం విదేశాల్లో ఉన్న మేము భరిస్తామని ముందే చెబుతున్నాను. ఎవరికీ చందా భారం కాకూడదు.

జవాబు 4 (సీనియర్ బ్యాచ్, ఒంగోలు)

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఆశీస్సులు. మా బ్యాచ్ 40 ఏళ్ళ కలయిక నిర్వహించినవారిలో నేనూ ఒకణ్ణి కనుక, డబ్బు సంగతి రెండు మాటలు చెబుతాను.

తలకు ఇంత అని చందా నిర్ణయించి, ఇచ్చినవారి పేర్లు బృందంలో పెట్టడం మంచి పద్ధతి కాదు. పేరు కనిపించని మనిషి మెల్లగా తప్పుకుంటాడు. మేము ఒక ఖాతా నంబరు మాత్రం ఇచ్చి, ఎవరు ఎంత ఇచ్చారో కోశాధికారికి తప్ప మరొకరికి తెలియకుండా చూశాం. చివర్లో మొత్తం వసూలు, మొత్తం ఖర్చు మాత్రమే అందరికీ చెప్పాం. ఒక్క పైసా తక్కువ పడలేదు.

కాలిఫోర్నియా తమ్ముడి మనసు గొప్పది, అయితే ఒక చట్టం గుర్తుంచుకోవాలి. విదేశాల్లో ఉన్నా భారత పౌరసత్వం నిలుపుకున్నవారు తమ బ్యాంకు ఖాతా నుంచి పంపే సొమ్ము విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇక్కడి సంఘానికి విరాళం పంపితే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నప్పటికీ, అది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పరిధిలోకి వస్తుంది, దానికి అనుమతి ఉండాలి. పూర్వ విద్యార్థుల సంఘం ఖాతాలోకి ఆ సొమ్ము తీసుకునే ముందు ఆడిటరును తప్పక అడగండి.

ఇంకొకటి. ఆదివారం ఒక్కటే పెట్టుకుంటే ఖాళీ గదులు చూసి వస్తారు. పని దినం కలిసేలా పెట్టుకుని, ప్రిన్సిపాల్ గారికి ముందుగా ఉత్తరం రాసి, ఇప్పటి విద్యార్థులతో ఒక గంట గడపండి. మా కాలంలో తరగతిలో ఆడపిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఇప్పుడు ఆ తరగతుల్లో వారు ఎంత ధైర్యంగా ప్రశ్నలు అడుగుతున్నారో చూస్తే కడుపు నిండుతుంది. ఏ ఉద్యోగం వస్తుందన్నదే ఆ పిల్లల మొదటి ప్రశ్న. శాఖలో, బ్యాంకులో, విత్తన కంపెనీలో, సొంత పొలంలో పనిచేసిన నలుగురూ వారి ముందు కూర్చుంటే, ఏ ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేని జవాబు దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఇక వేదిక విషయంలో చర్చ అక్కరలేదు, కళాశాలలోనే జరుపుదాం. జనవరి చివరి శుక్రవారం ఉదయం విద్యార్థులతో, సాయంత్రం నుంచి మనలో మనం, శనివారం ఉదయం భావనారాయణస్వామి గుడి చూసుకుని, ఇష్టమైనవారు సూర్యలంక వెళ్ళి రావడం అన్న క్రమం అందరికీ నచ్చుతుందని అనుకుంటున్నాను. ప్రిన్సిపాల్ గారికి ఈ వారమే ఉత్తరం రాస్తాను. పరిచయాలు హాజరు పట్టిక వరుసలోనే ఉంటాయి, శాలువాలు గురువులకే. సీనియర్ గారు చెప్పినట్లు డబ్బు లెక్క కోశాధికారి దగ్గరే ఉంటుంది. ఆ బాధ్యత బ్యాంకులో పనిచేసి విరమించిన మన మిత్రులెవరైనా తీసుకోవాలని మనవి.

హైదరాబాద్ మిత్రురాలికి ఒక మాట. మీరు చెప్పిన మిత్రుడి ఊరు నాకు తెలుసు, గుంటూరు నుంచి గంటన్నర ప్రయాణం. ఇప్పుడు ఆయన నాట్లలో ఉంటారు. దసరా తరువాత వచ్చే ఆదివారం వెళదాం, ఖమ్మం మిత్రుణ్ణి కూడా రమ్మంటున్నాను. ఆచూకీ తెలియని వారి గురించి ఎవరికి ఏ చిన్న వివరం తెలిసినా, సొంత ఊరి పేరైనా సరే, నాకు విడిగా తెలియజేయండి. ఫోను నంబర్లు మాత్రం ఇక్కడ బహిరంగంగా రాయవద్దు.