సబ్‌వర్షన్ నుంచి గిట్‌కు మారుస్తుంటే మధ్యలో ఆగిపోతోంది

ప్రశ్న: మా పాత సబ్‌వర్షన్ రిపాజిటరీని (కోడ్ మార్పుల చరిత్ర దాచే నిల్వను) గిట్ ఎస్‌వీఎన్ క్లోన్ కమాండ్‌తో, అలాంటిదే మరో వ్యవస్థ అయిన గిట్‌లోకి తెస్తున్నాను. కొన్ని వేల రివిజన్లు (నమోదైన మార్పులు) సాఫీగా నడిచాక, 'నో ఆథర్' అనే పేరు ఆథర్స్ ఫైల్లో (సబ్‌వర్షన్ పేర్లకు గిట్ పేర్లు జతచేసే జాబితాలో) లేదంటూ ఆగిపోతోంది. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పనిచేయలేదు! ఫోల్డరు తుడిచి మళ్లీ మొదలుపెట్టినా అక్కడే ఆగుతోంది. ఏం చేయాలండి?

జవాబు: ముందు ఫోల్డరు తుడవడం మానండి. దిగిన రివిజన్లన్నీ అందులో భద్రంగానే ఉన్నాయి. ఆథర్స్ ఫైల్‌ను ఉన్నచోటే సరిచేసి, ఆ ఫోల్డర్లోంచి గిట్ ఎస్‌వీఎన్ ఫెచ్ ఇస్తే ఆగినచోటి నుంచే అందుకుంటుంది.

'నో ఆథర్' మనిషి కాదు. లాగిన్ అవసరం లేని రోజుల్లో పడిన కమిట్లకు (భద్రపరిచిన మార్పులకు) రచయిత పేరు నమోదు కాదు. ఆ ఖాళీని సబ్‌వర్షన్ లాగ్ బ్రాకెట్లలో అలా చూపిస్తుంది. పేర్ల జాబితాను లాగ్ నుంచి ఆక్ అనే, వరుసల్లోంచి పదాలు ఏరే టూల్‌తో మూడో పదం ఏరి తయారుచేశారా? అయితే ఫైలు తెరిచి చూడండి: బ్రాకెట్ తెరుచుకుని, 'నో' దగ్గరే తెగిపోయిన వరుస ఒకటి ఉంటుంది. ఆక్ ఖాళీ కనబడినచోటల్లా విడగొడుతుంది మరి. లాగ్ వరుసను నిలువు గీత దగ్గర విడగొట్టి రెండో భాగం తీసుకోండి, అటూ ఇటూ ఉన్న ఖాళీలు కత్తిరించండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా అది వేరే పేరే.

మరొకరు: ఇంత శ్రమ దేనికి? ఆఖరి రివిజన్ ఒక్కటే గిట్‌లో పెట్టి, పాత సర్వరును చదవడానికి ఉంచేయండి.

జవాబు: ఆ సర్వరును ఎన్నాళ్లు పోషిస్తారు? అర్థంకాని షరతు ఒకటి కోడ్‌లో ఎదురైతే, బ్లేమ్‌లో (ఏ వరుసను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపే కమాండ్‌లో) వెతకడానికి చరిత్ర ఉండాలి కదా. నేనైతే వదులుకోను.

ప్రశ్న అడిగినవారు: తెగిన వరుస దొరికింది, ఫెచ్ పూర్తయింది. ఇప్పుడు ట్యాగులన్నీ (విడుదలల వంటివాటికి పెట్టిన గుర్తులు) బ్రాంచీల్లా (విడిగా సాగే మార్పుల వరుసల్లా) కనబడుతున్నాయి. ఖాళీ ఫోల్డర్లు లేక బిల్డ్ విఫలమవుతోంది.

జవాబు: సబ్‌వర్షన్‌లో ట్యాగ్ అంటే ఫోల్డరుకు ఒక నకలే. తర్వాత అందులోనూ ఎవరైనా కమిట్ చేయవచ్చు, అందుకే గిట్ ఎస్‌వీఎన్ వాటిని రిమోట్ బ్రాంచీలుగా తెస్తుంది. అలా మార్పులు పడ్డవి ఉన్నాయేమో చూసుకుని, పుష్ చేసేముందే (సర్వరుకు పంపేముందే) ఒక్కోదానికీ గిట్ ట్యాగ్ వేయండి. గిట్ ఖాళీ ఫోల్డర్లను లెక్కలోకి తీసుకోదు. బిల్డ్‌కు అవసరమైనవాటిలో డాట్ గిట్‌కీప్ అనే ఖాళీ ఫైలు పెడితే సరి.

చివరగా ట్రంక్‌ను (ప్రధాన కోడ్ ఫోల్డరును) సబ్‌వర్షన్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి, గిట్ ప్రతితో డిఫ్ పెట్టి తేడాలు చూడండి. ఎక్స్‌పోర్ట్‌కు ఇగ్నోర్ కీవర్డ్స్ ఆప్షన్ ఇవ్వడం మరవకండి, లేకపోతే ఐడీ, రివిజన్ వంటి కీవర్డులున్న (సబ్‌వర్షన్ తానే విలువ నింపే పదాలున్న) ప్రతి ఫైలూ తేడాగా కనబడుతుంది.