ఎల్‌డీహెచ్ పొరల్లోకి డెకావనాడేట్ వెళ్లడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ప్రశ్న:
నమస్కారమండి. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. జింక్, అల్యూమినియం 2:1 పాళ్లలో నైట్రేట్ ఎల్‌డీహెచ్ (లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్, ధనావేశమున్న లోహ హైడ్రాక్సైడ్ పొరల మధ్య నైట్రేట్ అయాన్లు ఉండే పదార్థం) చేశాను. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రే వివర్తన పరీక్షలో) మొదటి పీక్ 9.9 డిగ్రీల దగ్గర వచ్చింది, అంటే పొర నుంచి పొరకు దూరం 8.9 ఆంగ్‌స్ట్రామ్‌లు. అక్కడిదాకా బాగానే ఉంది. దాన్ని ఓవెన్లో ఆరబెట్టి, నూరి, నీళ్లలో కలిపి, డెకావనాడేట్ (పది వనాడియంలున్న పెద్ద ఋణ అయాన్) ద్రావణం పోశాను. పోసేటప్పుడు చిక్కటి నారింజ రంగు. కాసేపటికే పలచబడింది, తెల్లారేసరికి నీళ్లలా తేటగా అయిపోయింది. రంగంతా పొరల్లోకి దూరిందని ఎంత సంబరపడ్డానో! వడకడితే పొడి తెల్లగానే ఉంది. పీకేమో 11.6కి జరిగింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఇంతే. వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మీ వనాడియం ఆ తేట నీళ్లలోనే ఉందమ్మా. డెకావనాడేట్ నిలవాలంటే ఆమ్లం కావాలి. ఎల్‌డీహెచ్ కలిపిన నీళ్లు క్షారంగా ఉంటాయి కాబట్టి అది విడిపోయి రంగులేని చిన్న వనాడేట్లు అయింది. 11.6 అంటే 7.6 ఆంగ్‌స్ట్రామ్‌లు, అది గాల్లోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చి పొరల్లో చేరిన కార్బొనేట్. ఒకసారి కూర్చుంటే ఊరికే లేవదు.

ఈసారి ఆరబెట్టకండి, ఆరితే రేకులు అతుక్కుపోతాయి. తడి ముద్దగానే వాడండి. కార్బన్ డయాక్సైడ్ చేరకుండా నీళ్లు మరిగించి చల్లార్చండి, పైన నైట్రోజన్ పెట్టండి. డెకావనాడేట్ బీకరులో ఉంచి, ముద్దనే అందులోకి కొద్దికొద్దిగా వేయండి. సజల నైట్రిక్ ఆమ్లం చుక్కలతో పీహెచ్ 4.5 దగ్గర పట్టి ఉంచండి.

జవాబు 2:
మాది మెగ్నీషియం-అల్యూమినియం. మేము ముందు టెరెఫ్తాలేట్ అనే సేంద్రియ అయాన్ పెడతాం, 1988లో డ్రెజ్‌డ్‌జన్ అనే రసాయన శాస్త్రవేత్త చూపిన దారి. పొరలు 14.4 ఆంగ్‌స్ట్రామ్‌లకు తెరుచుకుంటాయి, ఆ తర్వాత పెద్ద అయాన్ సులువుగా వెళ్తుంది. ఐసీపీ (ఏ మూలకం ఎంత ఉందో కొలిచే పరీక్ష) కూడా చేయించండి. డెకావనాడేట్‌కి ఆరు ఋణావేశాలు, ఒక్కో అల్యూమినియానికి ఒక ధనావేశం. అంటే ఆరు అల్యూమినియాలకు పది వనాడియాలు, నిష్పత్తి 1.67 దగ్గర రావాలి.

ప్రశ్న అడిగినవారు:
వచ్చిందండీ! వడకట్టిన ముద్ద పసుపుకొమ్ము రంగులో ఉంది, ఎంత కడిగినా పోలేదు. పీక్ 7.4 దగ్గర, 11.9 ఆంగ్‌స్ట్రామ్‌లు. పొర మందం 4.8 తీసేస్తే 7.1 మిగిలింది, సరిగ్గా డెకావనాడేట్ పట్టేంత. ఇద్దరికీ చాలా థ్యాంక్స్. కానీ 8.4 దగ్గర వెడల్పాటి గుబ్బ ఒకటి ఉంది, అదేంటి?

జవాబు 1:
అది చాలామందికి వస్తుంది. ఆమ్లానికి పొరల అంచులు కొంచెం కరిగి, ఆ లోహం వనాడేట్‌తో కలిసి వేరే లవణంగా పడుతుందని ఎక్కువమంది చెప్పేది. ఆమ్లం ఒకేచోట పడకుండా బాగా కలుపుతూ, ఇంకా నెమ్మదిగా వేసి చూడండి.