నాన్నకి క్రియాటినిన్ అంకె తెలుసు, సూది సంగతి తెలీదు

ప్రశ్న:
మాది కవిటి మండలం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువని అందరికీ తెలిసిందే. మా ఊళ్లో సంతకం రానివాళ్లకి కూడా క్రియాటినిన్ అనే మాట వచ్చు. రక్త పరీక్షలో ఆ అంకె పెరిగితే కిడ్నీ పని తగ్గిందని లెక్క. పెళ్లి భోజనాల దగ్గర కూడా "నీకెంత?" "రెండు దాటింది" అని చెప్పుకుంటారు. నాన్నకి 1.8. చదువు మూడో తరగతితో ఆపేశారు గానీ ఆ అంకె నోటికొచ్చు. రిపోర్టులన్నీ ఒక సంచిలో పెట్టి మేకుకి తగిలిస్తారు.

కానీ కొబ్బరి తోటలో పనిచేసి నడుం పట్టేస్తే, నేరుగా ఆరెంపీ దగ్గరికెళ్లి డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు. అది కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది, వద్దు అని ఒక డాక్టరు చెప్పిన వీడియో విశాఖ నుంచి పంపాను. "సెల్లులో ఉన్నోడికి నా నడుం సంగతి ఏటి తెలుసు?" అన్నారు.

చదువు లేకే ఇలా అనుకుందామంటే, మా బావ డిగ్రీ చదివాడు. వాట్సాప్‌లో చూసి, కిడ్నీకి మంచిదని తెల్లగలిజేరు ఆకు పసరు తెచ్చింది ఆయనే! మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరి మాట వింటారు?

జవాబు 1:
సోంపేట వైపు ఏఎన్ఎంగా చేశాను. ఆరెంపీని తిట్టి లాభం లేదు. రాత్రి పదింటికి పిలిచినా బండేసుకొస్తాడు, డబ్బులు తర్వాత ఇచ్చినా ఊరుకుంటాడు. పెద్దాసుపత్రిలో మీ నాన్నగారికి దొరికేది రెండు నిమిషాలు, చేతిలో ఇంగ్లీషు చీటీ.

ఇంకోటి, "అర్థమైందా?" అని అడక్కండి. ఎవరైనా "ఆఁ" అనే అంటారు. "ఇంటికెళ్లి అమ్మకి ఏం చెప్తావు?" అని అడగండి. ఒకామెను అలా అడిగితే, "ఉప్పు తగ్గించమన్నారు, ఆవకాయ పర్వాలేదు" అంది. ఆవకాయ మాట ఎవరూ ఎత్తలేదు మరి. నొప్పికి ఏది వాడొచ్చో డాక్టరు చేత తెలుగులో రాయించుకోండి.

జవాబు 2:
ముందు ఆ పసరు ఆపించండి. అలాంటి ఆకు పసర్లలో పొటాషియం ఎక్కువ ఉండొచ్చు. కిడ్నీ దెబ్బతింటే అది ఒంట్లో నిలిచిపోయి గుండె మీదికొస్తుంది. అసలు ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని గట్టిగా తేలలేదు. నీళ్లలో సిలికా అంటారు, పురుగుమందులంటారు, ఎండలో పని అంటారు. అందుకే ఎవడేం చెప్పినా నమ్ముతున్నారు.

మా పెదనాన్న డాక్టరు మాట వినలేదు, నా మాట సరేసరి. పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకుంటున్నాయన చెప్తే విన్నారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది కదా, చూపించడానికి తీసుకెళ్లినప్పుడు అక్కడివాళ్లతో కాసేపు మాట్లాడనివ్వండి.

ప్రశ్న అడిగిన నేనే:
పండక్కి వెళ్లి ఆరెంపీకే రిపోర్టు చూపించాను. 1.8 సంగతి నాన్న ఆయనకి ఎప్పుడూ చెప్పలేదట! ఊరంతటికీ చెప్పిన అంకె, సూది వేసేవాడికి చెప్పలేదు. "ముందే చెప్పొద్దా బావూ" అని ఆయన నాన్న మీద కేకలేశాడు. ఇప్పుడు అడిగినా సూది వెయ్యట్లేదు. నాన్న నా మీద అలిగారు. పసరు గొడవ బావతో ఇంకా నడుస్తోంది.