1951 న్యూయార్క్ ధరల యుద్ధం: ఫెయిర్ ట్రేడ్ చట్టం చిన్న కొట్టుని కాపాడిందా, కొనేవాడిని ముంచిందా?

కొట్టుకొడుకు: అమెరికాలో ఒకప్పుడు ఫెయిర్ ట్రేడ్ చట్టాలుండేవి. కంపెనీ తన సరుకుకి ఒక రేటు కడితే ఏ షాపూ అంతకంటే తక్కువకి అమ్మకూడదు. 1931లో కాలిఫోర్నియాతో మొదలైంది. 1937లో మిల్లర్-టైడింగ్స్ చట్టంతో కేంద్రమూ దారిచ్చింది. వీధి చివరి మందుల షాపు బతికింది దానివల్లే. 1951 మేలో సుప్రీంకోర్టు దానికి గండి కొట్టగానే న్యూయార్క్‌లో మేసీస్ అనే పెద్ద షాపు రేట్లలో 6 శాతం కోసింది, దాని పోటీ షాపు గింబెల్స్ కూడా బరిలోకి దిగింది, జనం మిక్సర్ల కోసం ఎగబడ్డారు. మనకీ అలాంటి చట్టం కావాలంటాను.

పైసాలెక్క: ఎమ్మార్పీ ఉందిగా. ఇంకేం కావాలి?

కొట్టుకొడుకు: ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మొద్దని. అది అంతకు తగ్గి అమ్మొద్దని. పూర్తిగా తలకిందులు బాసూ.

పైసాలెక్క: రెండూ రేటు కట్టడమే. మా వీధి కొట్టువాడు ఫ్రిజ్‌లో పెట్టానని కూల్‌డ్రింక్ మీద 2 రూపాయలు ఎక్కువ గుంజేవాడు. వాడికి ఏ చట్టం అడ్డొచ్చింది?

కొట్టుకొడుకు: మళ్లీ ఎమ్మార్పీయేనా!

చదువరి: చిన్న సవరణ. 1951లో చట్టం మొత్తం పోలేదు. రాష్ట్రంలో ఒక్క షాపు ఒప్పందం చేసుకున్నా, సంతకం పెట్టనివాళ్లందరికీ ఆ రేటే వర్తించేది. న్యూ ఆర్లీన్స్‌లో స్వెగ్‌మన్ అనే సూపర్‌మార్కెట్ విస్కీ తక్కువకి అమ్మి, 'నేను సంతకమే పెట్టలేదు' అంది. కోర్టు కొట్టేసింది ఆ ముక్కనే. 1952లో మెగ్వైర్ చట్టం దాన్నీ తిరిగి తెచ్చింది.

ఎడిసన్ మావయ్య: తెచ్చినా నిలిచిందా అబ్బాయిలూ? యూజీన్ ఫెర్కాఫ్ 1948లో మాన్‌హటన్‌లో మేడ మీద పెట్టెబేడా షాపు పెట్టి, వచ్చినవాళ్లకి మెంబర్‌షిప్ కార్డులు పంచి తక్కువకి అమ్మాడు. అదే కోర్వెట్. 1958కల్లా జనరల్ ఎలక్ట్రిక్ కూడా చిన్న సామాన్ల రేట్లకి కాపలా కాయలేక చేతులెత్తేసింది. 1975లో చట్టమే తీసేశారు.

పైసాలెక్క: అదీ సంగతి. కొనేవాడు గెలిచాడు.

కొట్టుకొడుకు: గెలిచాడా? మా ఊళ్లో మార్ట్ వచ్చాక డీలరు మాకిచ్చే రేటు కంటే అక్కడ నూనె ప్యాకెట్ తక్కువ. నాన్న మమ్మల్నే అక్కడికి పంపేవాడు. మనిషికి నాలుగే ప్యాకెట్లు అంటే అమ్మ, నేను, చెల్లి వేరువేరు క్యూల్లో నిలబడి తెచ్చి మా కొట్లో పెట్టేవాళ్లం. ఏడాదిన్నరకి షట్టరు దించేశాం. మార్ట్‌వాడు ఎవరికైనా నెలాఖరుకి అప్పిచ్చాడా? మా నాన్న ఇచ్చాడు.

పైసాలెక్క: ఆ అప్పు గురించే చెప్తా విను. మా అమ్మ అరకిలో కందిపప్పు అడిగితే కొట్టాయన ఖాతా పుస్తకం తీసి, పదిమంది ముందు పాత బాకీ గట్టిగా చదివాడు. అమ్మ ఖాళీ సంచితో తిరిగొచ్చింది. మార్ట్‌లో నీ బాకీ ఎంతని ఎవడూ అడగడు. 2 రూపాయలు తగ్గుతాయని వెళ్లలేదు మేము.

సీతమ్మవాకిలి: ఈ మాట ముందే అనుంటే ఎమ్మార్పీ గొడవ తప్పేది కదా బాబూ.

కొట్టుకొడుకు: మా నాన్న ఎవరి బాకీ బయటికి చదవలేదు.

పైసాలెక్క: మీ నాన్నగారిని అనలేదు అన్నా.

కొట్టుకొడుకు: అన్నట్టే ఉంది. ఆయన పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. సగం పేర్లు కొట్టేయకుండానే ఉన్నాయి.

చదువరి: నగదుకే అమ్ముతాం కాబట్టి 6 శాతం తక్కువ అన్నది మేసీస్ పాత నినాదం. ఆ 6 అక్కణ్ణుంచి వచ్చిందే. ఎవరూ ప్రస్తావించలేదని చెప్తున్నా.