వదిన కౌన్సిలరు, బడ్జెట్ పుస్తకం నా నెత్తిన పడింది. ఏం అడగమనాలి?

గెడ్డపక్కఇల్లు:

నమస్కారం అండి అందరికీ. నేనుండేది వైజాగ్ మర్రిపాలెంలో, సొంతూరు ఇక్కడికి బస్సులో రెండు గంటల దూరంలో ఒక చిన్న మునిసిపాలిటీ, పేరు రాయను, రాస్తే మా వదినకి లేనిపోని తలనొప్పి. ఆవిడ అక్కడ కౌన్సిలరు. వచ్చే గురువారం బడ్జెట్ మీటింగు. నిన్న రాత్రి ఫోన్ చేసి "నువ్వు ఎంకాం కదా బాబూ, ఈ పుస్తకం ఏటో ఓసారి చూసి నేనేం అడగాలో నాలుగు ముక్కలు రాసి పంపు" అంది. ఎంకాం చదివి పన్నెండేళ్లయింది, నేను చేసేది షిప్పింగ్ ఆఫీసులో బిల్లింగు, ఆ సంగతి చెప్పినా వినదు. అన్నయ్య 60 పేజీలూ ఫోన్లో ఫోటోలు తీసి వాట్సాప్ చేశాడు, సగం అడ్డంగా ఉన్నాయి, ఒకదాంట్లో సరిగ్గా టోటల్ ఉన్నచోటే ఆయన బొటనవేలు.

మా బాధేంటంటే ఊళ్లో మా ఇంటి పక్కనే గెడ్డ, అంటే వాగు. అక్టోబర్లో తుపాను పడిందంటే నీళ్లు గుమ్మం ఎక్కుతాయి. దానికి గోడ కడతామని పోయిన ఏడాది బడ్జెట్లో 38 లక్షలు పెట్టారు, అంతకుముందు ఏడాది పుస్తకం కూడా వెతికి తీశాను, అందులోనూ 38 లక్షలే, ఈ ఏడాదీ 38 లక్షలే. మూడుసార్లూ "రిటైనింగ్ వాల్" అనే బదులు "రిటర్నింగ్ వాల్" అని టైపయ్యింది, అదీ నిజమే లెండి, ఏటా తిరిగొస్తోంది కదా. అడిగితే శాంక్షనైందంటారు, టెండరు పిలిచాం ఎవరూ రాలేదంటారు. మళ్లీ పుస్తకం చివరి పేజీలో మిగులు బడ్జెట్ అట. మిగులుంటే గోడెందుకు లేవదు?

ఇంకో డౌటు. పద్దులు రాయడానికి డబుల్ ఎంట్రీ అన్నారు, ఆన్‌లైన్ బిల్లులన్నారు, వార్డు సచివాలయాలన్నారు, ఇరవై ఏళ్లుగా ఏదో ఒక సంస్కరణ పేరు వింటూనే ఉన్నాం, వీటిల్లో దేనివల్ల మాలాంటి చిన్న ఊరికి నిజంగా తేడా పడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ వద్దు ప్లీజ్.

పద్దులపంతులు:

బాబూ, నేను మునిసిపల్ అకౌంట్స్‌లో పాతికేళ్లు చేసి రిటైరయ్యాను, ఇప్పుడు సీతమ్మధారలో మనవణ్ణి స్కూల్లో దింపి తీసుకురావడమే నా డ్యూటీ. మీ వదినగారికి ముందు ఇది చెప్పండి, బడ్జెట్లో అంకె డబ్బు కాదు. ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చని పర్మిషను, అంతే. శుభలేఖ అచ్చేసినంత మాత్రాన పెళ్లయిపోదు.

పుస్తకంలో ప్రతి పద్దుకీ ఎదురుగా కాలమ్‌లుంటాయి చూడండి, గడిచిన సంవత్సరం వాస్తవం, ఈ ఏడాది అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. అందరూ ఆఖరి కాలమ్ చూసి చప్పట్లు కొడతారు. ఆవిణ్ణి మొదటిది చూడమనండి. మీ గోడకి అక్కడ సున్నా ఉంటుంది, పందెం. నా సర్వీసులో వాస్తవం కాలమ్ మీద ప్రశ్న వేసిన కౌన్సిలర్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాళ్లలో ఒకాయన కిరాణా కొట్టు ఆయన, చదివింది ఏడో తరగతి.

ఇహ మిగులు. లోటు చూపించి బడ్జెట్ పెట్టడం మునిసిపాలిటీల్లో నడవదు, కాబట్టి ఇంటిపన్ను పాత బకాయిలన్నీ ఈ ఏడాదే వసూలైపోతాయని ఆదాయం వైపు రాసేస్తారు. ఆదాయం ఉబ్బితే పనులూ ఉబ్బుతాయి, ప్రతి కౌన్సిలరుకీ తన వార్డు పని పుస్తకంలో కనపడుతుంది, మీటింగు గంటలో అయిపోతుంది, టీ బిస్కెట్లు. తర్వాత అంత డబ్బు రాదు. వచ్చినదాంట్లోంచి ముందు జీతాలు, పారిశుద్ధ్య కార్మికులు, కరెంటు బిల్లు, పంపుల రిపేర్లు పోతాయి, ఇవి ఆపితే ఊరు ఆగిపోతుంది కదా. గోడ ఆపితే ఏ ఆఫీసరు ఇంట్లోకీ నీళ్లు రావు. అందుకని డీసీబీ అడగమనండి, డిమాండ్ ఎంత, కలెక్షన్ ఎంత, బ్యాలెన్స్ ఎంత. గత మూడేళ్లలో వసూలైంది ఒక కాగితం మీద రాసుకుని, ఈ ఏడాది అంచనా దాని పక్కన పెట్టి చూస్తే ఉబ్బు ఎంతో తెలిసిపోతుంది.

ఆ మిగులులో ఇంకో మెలిక ఉంది. ఓపెనింగ్ బ్యాలెన్సని, అంటే ఏడాది మొదట్లో చేతిలో ఉన్న నిల్వ, పెద్ద అంకె కనపడుతుంది గానీ అందులో చాలావరకు వేరే పనికి కట్టేసిన గ్రాంటు డబ్బు. కేంద్రం డబ్బు ఎవరికెంత పంచాలో చెప్పే ఆర్థిక సంఘం ఉంటుంది కదా, అందులో 15వది పది లక్షల లోపు జనాభా ఊళ్లకిచ్చిన గ్రాంటులో 60 శాతం మంచినీళ్లకీ పారిశుద్ధ్యానికీ కట్టేసింది, 40 శాతమే మన ఇష్టానికి వదిలింది. అంటే డబ్బు ఖాతాలో ఉన్నట్టే ఉంటుంది, గోడకి తియ్యడానికి వీల్లేదు. గోడ ఏ ఫండ్ కింద పెట్టారో అడగండి. "జనరల్ ఫండ్" అన్నారంటే, ఏడాది చివర ఏదైనా మిగిలితే చూద్దాం అని అర్థం.

అదే ఆర్థిక సంఘం ఇంకో షరతు కూడా పెట్టింది, పోయిన ఏడాది లెక్కలూ, అంతకు ముందు ఏడాది ఆడిటైన లెక్కలూ ఆన్‌లైన్‌లో పెడితేనే గ్రాంటు అని. కాబట్టి లెక్కలు ఇంకా తయారవలేదు అంటే ఒప్పుకోవద్దు.

మెటల్‌చిప్స్:

టెండరుకి ఎవరూ ఎందుకు రాలేదో నేను చెప్తా, మాది గాజువాక, నాన్నగారి టైం నుంచీ చిన్న చిన్న సివిల్ పనులే. బ్రో, మేము ఎస్టిమేట్ చూసేముందు ఫండ్ చూస్తాం. పంతులుగారు చెప్పిందే, జనరల్ ఫండ్ అని ఉంటే ఫైలు మూసేస్తాం.

లెక్క ఎలా ఉంటుందంటే, 38 లక్షల పనికి సిమెంటు, ఇనుము, కూలీలు మొత్తం మా చేతిలోంచి పెట్టాలి, ఏఈ అంటే కింది ఇంజనీరు వచ్చి కొలిచి ఎం బుక్‌లో, అదే కొలతల పుస్తకంలో రాస్తాడు, పై ఇంజనీరు డీఈ చెక్ చేస్తాడు, బిల్లు అప్‌లోడ్ అవుతుంది, అక్కణ్ణుంచి ఎదురుచూపులు. 2018 ఏప్రిల్లో సీఎఫ్ఎంఎస్, అంటే ప్రభుత్వ బిల్లులు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్, వచ్చినప్పుడు నిజంగా సంతోషించాం, ట్రెజరీ చుట్టూ తిరగక్కర్లేదు, బిల్లు ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చని. చూసుకుంటున్నాం, కాదనను. రోజూ పొద్దున్నే టీ తాగుతూ పెండింగ్ అని చూసుకుంటాం. ఇంతకుముందు బిల్లు ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు, ఇప్పుడు ఆగిందని మాత్రం సెకన్లలో తెలుస్తుంది 😀 డబ్బు లేకుండా సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది పాపం.

మా నాన్న ఒక స్కూలు కాంపౌండ్ గోడకి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టాడు, బిల్లు పద్నాలుగు నెలలకొచ్చింది, వడ్డీ లెక్కేసుకో, లాభం పోయి అమ్మ గాజులు బ్యాంకుకెళ్లాయి. అప్పట్నుంచి లేటుకి తగ్గట్టు రేటు వేసుకుందామంటే ఎస్టిమేట్ మీద 5 శాతం ఎక్సెస్ దాటితే టెండరు ఒప్పుకోరు. అందుకే ఎవరూ రారు. వచ్చేవాడు వస్తే సిమెంటులో సర్దుకునేవాడు వస్తాడు, అలాంటి గోడ నీకొద్దు.

మీ వదినని ఇది అడగమను, "ఇప్పటికి పని పూర్తయి బిల్లు కట్టాల్సినవి మొత్తం ఎంత, వాటిల్లో అన్నింటికంటే పాతది ఏ నెలది?" ఈ ఒక్క అంకె తెలిస్తే మిగతా పుస్తకం చదవక్కర్లేదు.

బహిర్‌దార్‌మాస్టారు:

కొంచెం దూరం కథ, కానీ పనికొస్తుందని రాస్తున్నా. మన వైపు నుంచి ఇథియోపియాకి పాఠాలు చెప్పడానికి వెళ్లిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను, బహిర్‌దార్‌లో నాలుగేళ్లు. అక్కడ వొరెడా అంటే మన మండలం లాంటిది. ఒకసారి నా స్టూడెంట్ వాళ్ల ఊరికి తీసుకెళ్తే వొరెడా ఆఫీసు గోడకి నీలం రంగు బోర్డు, అమ్హారిక్‌లో గళ్లు గీసి అంకెలు. ఏంటని అడిగితే, "ఈ ఏడాది స్కూళ్లకింత, ఆరోగ్యానికింత, వ్యవసాయానికింత, నీళ్లకింత, రోడ్లకింత" అని చదివి వినిపించాడు. వాళ్ల ఆర్థిక సంవత్సరం జూలైలో మొదలవుతుంది. బోర్డు కింద ఒక ముసలాయన గాడిదని కట్టేసి కూర్చున్నాడు, ఆయనకి చదువు రాదు, మనవడితో చదివించుకున్నాడట, "నీళ్లకి ఇంతేనా" అని మా వాణ్ణి గట్టిగా నిలదీశాడు, వీడేదో ఆఫీసరనుకుని.

అది ఎలా వచ్చిందంటే, 2005 ఎన్నికల గొడవల తర్వాత విదేశీ దాతలు అక్కడి కేంద్ర ఖజానాకి నేరుగా డబ్బివ్వడం ఆపేశారు, 2006 నుంచి ఆ డబ్బు బళ్లు, ఆసుపత్రులు లాంటి వాటి కోసం కింద వొరెడాల దాకా వెళ్లేలా వేరే ప్రోగ్రాం పెట్టారు, దాంట్లో ఒక భాగం ఈ బోర్డులు, మామూలు జనానికి అర్థమయ్యేలా బడ్జెట్. అంతా స్వర్గం అనట్లేదు, వొరెడా డబ్బులో ఎక్కువ జీతాలకే పోయేది, అది కాదని ఎదురు ప్రశ్నించే స్వేచ్ఛ కూడా అక్కడ తక్కువే.

ఉగాండా కథ ఇంకా పేరున్నది. 1991 నుంచి 95 దాకా స్కూళ్లకి ప్రభుత్వం పంపిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే స్కూలుకి చేరిందని సర్వేలో తేలింది. దాంతో ఏ జిల్లాకి ఎంత పంపామో పేపర్లలో వెయ్యడం, స్కూలు గోడకి అంటించడం మొదలుపెట్టారు. 2001కి చేరే వాటా 80 శాతం దాటింది.

బీచ్‌రోడ్‌వాకర్:

మాస్టారూ, ఉగాండా కథ నేనూ క్లాసులో చెప్పించుకున్నవాణ్ణే, కానీ అదే టైంలో అక్కడ డబ్బు పంపే పద్ధతి మారింది, గ్రాంటు మొత్తం పెరిగింది, ఫీజులెత్తేసి ఉచిత ప్రాథమిక విద్య వచ్చింది. క్రెడిటంతా పేపరు ప్రకటనకి ఇచ్చేస్తే ఎలా అని తర్వాత వాదనలు వచ్చాయి. బోర్డు పెడితే చాలు అనుకుంటే మన ఊళ్లో ప్రతి రోడ్డు చివరా పని వివరాలు రాసి ఉన్న పసుపు బోర్డుల వల్ల రోడ్లు అద్దాల్లా ఉండాలి.

నా గోల ఇంకోటి. లెక్కలు బాగుపడేది ఎవరు అడిగితే? 2018 డిసెంబర్లో జీవీఎంసీ, అదే మన వైజాగ్ కార్పొరేషన్, అప్పు కోసం 80 కోట్లకి బాండ్లు అమ్మింది, అంతకుముందు రేటింగ్ కంపెనీలకి ఖాతాలన్నీ విప్పి చూపించింది, మంచిదే. కానీ అప్పటికి ఆరేళ్ల పైనుంచే ఊళ్లో ఎన్నికైన కౌన్సిలే లేదు, 2012లో పాతది దిగిపోతే మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో. బాండు కొన్నవాడికి లెక్క చెప్పడానికి మనిషున్నాడు, పన్ను కట్టినవాడి తరఫున అడగడానికి కార్పొరేటరే లేడు. ఇంటిపన్ను అద్దె విలువ నుంచి ఆస్తి విలువకి మారింది చూశారా, ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుతాం అని, అదీ 2020లో కేంద్రం, పట్టణ సంస్కరణలు చేస్తేనే రాష్ట్రాలకి అదనపు అప్పుకి పర్మిషను అన్నాక వచ్చిందే. అప్పిచ్చేవాడు అడిగితే నెలల్లో అవుతుంది, వార్డులో ముసలమ్మ అడిగితే దరఖాస్తు పెట్టుకోమంటారు.

నాకు నచ్చింది కేరళది. 1996లో ప్రణాళిక డబ్బులో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకి ఇస్తామన్నారు, అది పెద్ద మాటే, కానీ అసలు కిటుకు ఎక్కడుందంటే రాష్ట్ర బడ్జెట్‌తో పాటు నాలుగో అనుబంధం అని వేరే పుస్తకం, అందులో ప్రతి పంచాయతీకి, ప్రతి మునిసిపాలిటీకి పేరుపేరునా ఎంతో అంకె. ఫలానా ఏడాది నీకు ఇంత అని ముందే తెలిస్తే అప్పుడు గోడా, రోడ్డా అని కూర్చుని తేల్చుకోవచ్చు. మనకి ఎంతొస్తుందో తెలీదు కాబట్టే అన్నీ రాసేసి, ఏది పడితే అది చేస్తాం. ఇది మీ వదినగారి చేతిలో లేదు, తెలుసు, కడుపుమంటతో రాశాను.

గెడ్డపక్కఇల్లు:

అందరికీ చాలా థాంక్స్. పంతులుగారూ, పందెం మీరే గెలిచారు, మొదటి కాలమ్‌లో సున్నా కూడా లేదు, చిన్న గీత ఉంది. వదినకి రెండే రెండు ప్రశ్నలు తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపాను, కట్టాల్సిన బిల్లులు ఎంత, మూడేళ్ల డీసీబీ ఎంత. మిగతావన్నీ పెడితే ఆవిడ కంగారు పడుతుంది.

పద్దులపంతులు:

రెండు చాలు. ఇంకొక్కటి, చివర్లో హడావిడిగా టేబుల్ అజెండా అని కాగితాలు పంచుతారు, చదవనిదానికి చెయ్యెత్తొద్దని చెప్పండి.

గెడ్డపక్కఇల్లు:

అప్‌డేట్. నిన్న మీటింగు అయింది. వదిన మొదటి ప్రశ్న అడగ్గానే హాలంతా ఒక్క నిమిషం సైలెంటట, అకౌంట్స్ ఆయన కమిషనరు వైపు చూశారట, ఆయన ఫ్యాన్ వైపు చూశారట. తర్వాత నోటితో ఒక అంకె చెప్పారు. ఊరి సొంత ఆదాయం ఏడాదంతా వసూలైనా ఆ బిల్లులకే సరిపోదు. పక్క వార్డు కౌన్సిలరు, అవతలి పార్టీ ఆయన, లేచి "నా కల్వర్టు కూడా అందులోనే ఉందా" అని అడిగాడట. డీసీబీ వచ్చే మీటింగుకి ఇస్తామన్నారు. గోడ మాత్రం మళ్లీ 38 లక్షలకే పాసైంది, స్పెల్లింగ్ సరిచేశారు.

మెటల్‌చిప్స్:

హహ స్పెల్లింగ్ సరిచేశారంటే సగం పనైనట్టే. పాత బిల్లులు తీర్చేదాకా కొత్త పని పెట్టకుండా ఆపితే చెప్పు బ్రో, నేనే వచ్చి టెండరు వేస్తా.

పద్దులపంతులు:

బాబూ, ఆ నోటితో చెప్పిన అంకె మినిట్స్‌లో రాశారా? రాయకపోతే వచ్చే మీటింగులో అలా అనలేదంటారు.

గెడ్డపక్కఇల్లు:

ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నా. రాయలేదట. "సభ్యురాలి సందేహములు నివృత్తి చేయబడినవి" అని రాశారట. నివృత్తి అంటే ఏటి బాబూ అని వదిన నన్నడుగుతోంది. ఆ అంకె కూడా చేర్చమని రేపు లెటర్ పెట్టిస్తున్నాం, డ్రాఫ్ట్ రాసి ఇక్కడ పెడతాను, ఓసారి చూడండి పంతులుగారూ.